రెండు దాటాక పనిచేసేవాడు

స్ఫాక్స్ నగర చరిత్ర రాసినవాళ్లు కోటగోడల గురించి రాశారు, రేవు గురించి రాశారు, ఏ ప్రభువు ఏ తలుపుకి ఎన్ని మేకులు కొట్టించాడో కూడా వదలకుండా రాశారు. నజీబా గారి సొరుగు గురించి మాత్రం ఒక్కడూ ఒక్క ముక్క రాయలేదు. చరిత్రకారుల అశ్రద్ధకు ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. జులై మొదటి తేదీ నుంచి ఆగస్టు ఆఖరి తేదీ దాకా, మధ్యాహ్నం రెండు కొట్టడానికి కాస్త ముందుగా, హాజ్ మహ్ఫూద్ ఆలివ్ నూనె కంపెనీలో లెక్కలు చూసే నజీబా తన సొరుగు మూసి తాళం తిప్పుతుంది. ఇక్కడికి రోమన్లు వచ్చారు, పోయారు. టర్కీవాళ్లు వచ్చారు, పోయారు. ఫ్రెంచివాళ్లు వచ్చారు, వాళ్లూ పోయారు. ఇందరిలో ఎవరు పెట్టిపోయారో తెలియదు గాని వేసవిలో ఒంటిపూట ఆఫీసు మాత్రం మిగిలింది. ఆ మహావ్యవస్థకు నగారా నజీబా సొరుగు. ఆ తాళం చప్పుడు వినబడ్డాక, సగంలో ఉన్న వాక్యం సగంలోనే ఆగిపోతుంది. ఫోనులో అవతల ఇటలీ బేరగాడు ఉంటే, ఇటలీ కూడా ఆగుతుంది. అందరూ పుచ్చకాయ వైపో, సముద్రం వైపో, పడక వైపో కదులుతారు. రెండు దాటాక ఆ భవనంలో పనిచేసే ప్రాణి ఉండదు.

ఆ వేసవిలో ఒకటి ఉంది. అది ప్రాణి కాదు, సర్వర్. దాని పుణ్యమా అని లస్సాద్ రెకిక్ మనిషి కాకుండా పోయాడు.

లస్సాద్‌కి నలభయ్యారేళ్లు. ఇల్లు గ్రెమ్దా రోడ్డు, నాలుగో కిలోమీటరు. స్ఫాక్స్‌లో అడ్రసంటే అంతే, రోడ్డూ కిలోమీటరూ. వీధి పేరు అడిగినవాడు పొరుగూరివాడు. తండ్రి రేడియోలు బాగుచేసేవాడు. కొడుకు ఒక మెట్టు పైకెక్కి టీవీలు బాగుచేశాడు. లోకంలో టీవీలు బాగుచేయించుకోవడం కంటే కొత్తవి కొనుక్కోవడం చవకైన రోజున, కోటగోడ పక్కనున్న ఆ కొట్టు మూసి, నూనె కంపెనీ యజమాని హాజ్ మహ్ఫూద్ దగ్గర "కంప్యూటరు చూసుకునే" ఉద్యోగంలో చేరాడు. అప్పుడు ఉన్నది ఒక్క కంప్యూటరే. దానికి పిల్లలూ మనవలూ పుట్టి నలభై అయినా, లస్సాద్ మాత్రం ఒక్కడే మిగిలాడు. ప్రింటర్లు అతనివే, ఫోన్లు అతనివే, గేటు గంట అతనిదే, హాజ్‌గారి చేతి గడియారం ఆగితే అదీ అతని శాఖే.

అతనికున్న సొంత ఆస్తి కోపం. మామూలు సరుకు కాదు, తొలి పిండుడు నూనె లాంటి చిక్కటి కోపం. పేదవాడి కోపం పెదవికి చేటని తెలిసినవాడు కనుక దాన్ని ఎన్నడూ ఎవరిమీదా ఒలకబోయలేదు. కోపం వస్తే చెవులు ఎర్రబడేవి, అంతవరకే. ఆఫీసు జనం అతని చెవులు చూసి ఆ పూట వాతావరణం చెప్పుకునేవారు.

ఆ ఏడు మార్చిలో కొత్త సర్వర్ వచ్చింది. పాతది లస్సాద్ గదిలోనే కిటికీ పక్కన దగ్గుతూ మూలుగుతూ చాలాకాలం బతికింది. కొత్తదానికి పెద్దింటి కోడలికిచ్చినట్టు ప్రత్యేకంగా గది ఇచ్చారు. అంతకుముందు నూనె నమూనాల సీసాలు పెట్టుకున్న కొట్టుగది అది. కిటికీ లేదు. అందుకని గోడకి ఏసీ బిగించారు. అమ్మిన కంపెనీవాళ్లు, యంత్రం లోపలి వేడిని ఎప్పటికప్పుడు రాసిపెట్టే చిన్న భాగం ఒకటుంది, అదీ తీసుకోమన్నారు. "వేడిగా ఉందో లేదో చూడ్డానికి లస్సాద్‌కి చెయ్యి లేదా?" అని హాజ్‌గారు దాన్ని కొట్టేశారు.

ఏ తొట్టిలో ఎవరి తోట నూనె ఉంది, దాని పులుపెంత, ఏ ఓడకి ఎంత ఎక్కింది, ఎవరికి జీతమెంత, సమస్తం ఆ సర్వర్ కడుపులోనే. రోజుకోసారి అది తన కడుపులో ఉన్నదంతా ఇంకో పెట్టెలోకి నకలు తీయాలి. అదే బ్యాకప్. నకలు తీసేటప్పుడు మిగతా తెరలన్నీ నెమ్మదిస్తాయి. నజీబా నెమ్మదిని సహించదు. అందుకే అందరూ ఇంటికెళ్లాక తీసేలా లస్సాద్ ఏర్పాటు చేశాడు. వసంతమంతా సాయంత్రం పూట తీసింది. బాగానే తీసింది. జులైలో ఒంటిపూట మొదలవగానే దాన్ని మధ్యాహ్నం రెండున్నరకి జరిపాడు. మర్నాడు పొద్దున ఆఫీసుకొచ్చేసరికి నలభై తెరలూ నల్లగా ఉన్నాయి.

"తమ్ముడూ, నీ ముద్దులపిల్ల పడుకుంది," అంది నజీబా, ఇంకా చేతిసంచీ కూడా దించకుండా. "జోలపాడావా ఏంటి?"

"పొద్దున్నే మొదలెట్టకు అక్కా."

"నేను మొదలెట్టడం కాదు, అది మొదలవట్లేదు. బయట లారీవాడు కాగితం కోసం హారన్ కొడుతున్నాడు. నువ్వెళ్లి పాట పాడతావా, నన్ను పాడమంటావా?"

బొత్తాం నొక్కితే యంత్రం లేచింది. నకలు సగంలో ఆగి ఉంది. సగం నకలంటే సగం లాభం కాదు. సగం తవ్విన బావిలో ఎవరూ నీళ్లు చేదలేరు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రాత్రంతా చచ్చి పడుంటుంది, పొద్దున లేపితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. ఎందుకు పడ్డావని దాని చిట్టా తిరగేస్తే, "అనుకోకుండా ఆగినది" అని ఒక్క వాక్యం. అనుకోకుండా ఆగిందని లస్సాద్‌కీ తెలుసు. అనుకుని ఆగితే రాజీనామా అంటారు.

అతను డిస్కులు విప్పి పరీక్షించాడు. మెమొరీ ముక్కలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు. కరెంటు నిలవచేసే పెట్టె తన గదిలోది తెచ్చి దీనికి తగిలించాడు. నకలు తీసే ప్రోగ్రాం చెరిపి కొత్తగా ఎక్కించాడు. వేడేమో అన్న అనుమానం మొదటిరోజే వచ్చింది. పొద్దున గదిలోకెళ్లి గోడమీద చెయ్యేశాడు. ఏసీ గుర్రుమంటోంది, గోడ ఫ్రిజ్‌లో పెట్టిన పుచ్చకాయలా ఉంది. వేడి కాదని అప్పుడే కొట్టేశాడు. ఏ విచారణలోనైనా మొట్టమొదట నిర్దోషిగా వదిలేసినవాణ్ని మళ్లీ పిలిచి ప్రశ్నించే అలవాటు లోకంలో లేదు.

రాజధానికి, ట్యూనిస్‌కి, ఫోను చేశాడు. అమ్మిన కంపెనీలో గైత్ అనే కుర్రాడు ఎత్తాడు. వాడి గొంతులోనే ఏసీ చల్లదనం ఉంది.

"లస్సాద్ గారూ, మాకు ఇలాంటి కంప్లయింటు ఇంకెక్కణ్ణించీ రాలేదండీ."

"అంటే నేను కల కంటున్నానా?"

"అబ్బే, అలా అనలేదు. అప్‌డేట్ చేశారా?"

"చేశా."

"ఇంకోసారి చెయ్యండి. తర్వాత ఒకసారి ఆపి వెయ్యండి."

"బాబూ, ఆగడమే దాని రోగం. ఆపమని మందు చెప్తావేంటి?"

"మరి స్ఫాక్స్‌లో కరెంటు సరిగ్గా ఉంటుందాండీ?"

లస్సాద్ చెవులు మిరపపళ్లయ్యాయి. "మా ఊళ్లో కరెంటు మీ ఊరి కరెంటు కంటే ముందే నిద్రలేస్తుంది. మీరు కాఫీ తాగి బయల్దేరేసరికి మాది సగం పని చేసేసుంటుంది. యంత్రం సంగతి చెప్పు!"

గైత్ యంత్రం సంగతి చెప్పలేదు. నేరుగా హాజ్‌గారికి ఫోను చేసి, మీకసలు సర్వరే వద్దు, అంతా మా దగ్గర, ఇంటర్నెట్‌లో దాచుకోండి, నెలనెలా కొంచెం కడితే చాలు, చూసుకునే మనిషి కూడా అక్కర్లేదు, అని చెప్పాడు.

హాజ్ మహ్ఫూద్‌కి ఎనభై దగ్గర పడుతోంది. పొద్దున అందరికంటే ముందొచ్చి అందరికంటే ఆఖర్న వెళ్తారు. లస్సాద్‌ని గదిలోకి పిలిపించారు.

"ఆ ట్యూనిస్ కుర్రాడు వచ్చే శనివారం కాగితాలు తెస్తానన్నాడు నాయనా. ఈలోగా నీ యంత్రం నిలబడితే వాడికి టీ ఇచ్చి పంపించేస్తా. పడిందా, సంతకం పెడతా. ఆకాశంలో దాస్తే మనిషే అక్కర్లేదట."

"మరప్పుడు నేనేం చెయ్యాలి హాజ్‌గారూ?"

"నేనూ అదే ఆలోచిస్తున్నా," అన్నారాయన. ఆ మాటలో పగ లేదు, జాలి లేదు. బస్తా తూకం చెప్పినట్టు చెప్పారు.

పంతొమ్మిదేళ్ల నౌకరీ ఒక పెట్టె మీద నిలబడింది, ఆ పెట్టె నిలబడటం లేదు. ఆ మధ్యాహ్నం ఇంట్లో భార్య రౌదా కాల్చిన చేప పెట్టింది. లస్సాద్ ముల్లు తీస్తున్నట్టు నటించి లేచిపోయాడు. పక్కగదిలో ఫ్యాను తిరుగుతోంది, మనిషి లేడు.

"మలాక్! ఖాళీ గదిలో ఫ్యాను ఎవడి కోసం తిరుగుతోంది?"

"దాని కోసమే తిరుగుతోంది నాన్నా," అంది కూతురు వంటింట్లోంచి.

"గోడకి చెమట పడుతోందా? ఆపు!"

అత్త మీద కోపం దుత్త మీద పోయింది. ఫ్యాను ఆగింది గాని కోపం ఆగలేదు.

సోమవారం అతను ఇంటికి పోలేదు. ఏం జరుగుతుందో కళ్లారా చూడాలని సర్వర్ గదిలో స్టూలు వేసుకు కూర్చున్నాడు. రెండున్నరకి నకలు మొదలైంది. లైట్లు మిణుకుమన్నాయి, పంకాలు కూనిరాగం తీశాయి, మొత్తం సజావుగా ముగిసింది. మంగళవారమూ అంతే.

"చూశావా, నువ్వు పక్కన లేకపోతే దానికి ముద్ద దిగట్లేదు," అంది నజీబా. "రౌదాకి తెలుసా ఈ సంగతి?"

హాజ్‌గారు ఇంకొక అడుగు ముందుకేశారు. "నువ్వుంటే పడట్లేదుగా? అయితే రోజూ కూర్చో."

"వేసవంతానా?"

"ఈ ఎండలో బయటికెళ్లి మాత్రం ఏం చేస్తావు నాయనా?"

చదువుకుని, రెండు తరాల విద్య చేతిలో పెట్టుకుని, పంతొమ్మిదేళ్లు సేవ చేసినవాడికి దక్కిన బిరుదు ఇది: యంత్రానికి ఆయా. జీతం ఒంటిపూటకే. అతను కూర్చున్నాడు. ఊరంతా సముద్రంలో మునుగుతుంటే, కిటికీ లేని గదిలో, ఏసీ ఎదుట, భుజాలమీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. బుధవారం సాయంత్రానికి తుమ్ములు పట్టుకున్నాయి. జులైలో జలుబు చేసిన స్ఫాక్స్‌వాసిగా అతనికి చరిత్రలో స్థానం దక్కాలి. దక్కదని ఇదివరకే చెప్పుకున్నాం.

గురువారం ఆ చలి పడలేక లైటు ఆర్పి బయటికొచ్చి, హాల్లో నజీబా కుర్చీలో కూర్చున్నాడు. ఆమె తెరమీద నుంచి కూడా నకలు కనిపిస్తుంది కదా అనుకున్నాడు. కిటికీల రెక్కలు వేసి ఉన్నాయి, హాలు చీకటిగా ఉంది. ట్యూనా చేప, హరీసా కారం పెట్టిన రొట్టె నములుతూ తెర చూస్తున్నాడు.

నడవా చివర హాజ్‌గారి గది తలుపు తెరుచుకుంది. మెల్లగా అడుగులు వినిపించాయి. సర్వర్ గది ముందు ఒక్క క్షణం ఆగాయి. వెనక్కి మళ్లాయి. "బిస్మిల్లా" అని గొణుగు వినిపించింది, తర్వాత ఏదో బరువైన స్విచ్ పడ్డ చప్పుడు. హాల్లో ఏసీ ఆగింది. దొడ్డిగుమ్మం మూసుకుంది.

కరెంటు పోయిందనుకున్నాడు లస్సాద్. కానీ తెర వెలుగుతోంది, నకలు నడుస్తూనే ఉంది. రొట్టె పూర్తిచేశాడు. చేతులు కడుక్కున్నాడు. ఒకసారి చూద్దామని సర్వర్ గది తలుపు తీశాడు.

రొట్టెల పొయ్యి మూత తీసినట్టు ముఖాన కొట్టింది. లోపల ఏసీ నోరు తెరుచుకుని మూగగా ఉంది. సర్వర్ పంకాలు పురిటినొప్పులు పడుతున్నట్టు అరుస్తున్నాయి. అతను చూస్తుండగానే ఆ అరుపు తెగిపోయింది. లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి.

నడవా చివరికి పరిగెత్తాడు. హాజ్‌గారి గది పక్క గోడమీద స్విచ్చుల పెట్టె ఉంది. ఏసీలన్నిటికీ కలిపి ఒకే పెద్ద స్విచ్. కిందికి దించి ఉంది. పొద్దున ఏడింటికే వచ్చి దాన్ని పైకెత్తేదీ ఆయనే అయ్యుండాలి. అందుకే లస్సాద్ చెయ్యేసి చూసిన ప్రతి ఉదయం గోడ చల్లగా ఉంది. పెరట్లోకి పరిగెత్తాడు. హాజ్‌గారి ముసలి ప్యూజో కారు గేటు దాటి దుమ్ములో కలిసిపోయింది.

ఇన్నాళ్లూ గాలిలో తిరుగుతున్న అతని కోపానికి మొదటిసారి ఒక అడ్రసు దొరికింది. ఆ అడ్రసులో ఉండేది జీతమిచ్చే మనిషి. ఆ సాయంత్రమంతా పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ చేతులు ఊపుతూ మాటలు కూర్చుకున్నాడు.

"ఎవరితో పోట్లాట?" అని అడిగింది రౌదా.

"రేపటితో."

శుక్రవారం పొద్దున తలుపు తట్టకుండానే హాజ్‌గారి గదిలోకి వెళ్లాడు. అదే ఒక విప్లవం.

"హాజ్‌గారూ, వెళ్లేటప్పుడు ఏసీలు ఆపేది మీరేనా?"

"ఇంకెవరాపుతారు? మీలో ఒక్కడికైనా ఆ బాధ ఉంటే ఈ వయసులో నేను ఆఖర్న ఎందుకు పోతాను?"

"సర్వర్ గదిది కూడానా?"

"నువ్వున్నరోజు ఆపలేదుగా! తలుపు కింద వెలుగు చూసి, పాపం లోపల లస్సాద్ ఉన్నాడు, ఉక్కపోస్తుందని వదిలేశా. నిన్న వెలుగు లేదు, ఆపేశా." ఆయన ముఖంలో మెప్పు కోసం చూస్తున్నవాడి అమాయకత్వం ఉంది.

లస్సాద్ చెవులు ఎర్రబడ్డాయి. అక్కడితో ఆగలేదు. మెడ ఎర్రబడింది, నోరు తెరుచుకుంది, పంతొమ్మిదేళ్లుగా తొట్టిలో నిలవున్న సరుకు ఒక్కసారిగా బయటికొచ్చింది.

"మూడు వారాలు! మూడు వారాలు కుక్కలా ఆ గది చుట్టూ తిరిగాను! దాన్ని ముక్కముక్కలుగా విప్పాను. నిన్నగాక మొన్న మీసమొచ్చిన వాడిచేత నీతులు చెప్పించుకున్నాను. నజీబా అక్క చేత పాటలు పాడించుకున్నాను. ఎండాకాలంలో తుమ్ముతున్నాను! రోజూ దాన్ని పొయ్యిలో పెట్టి తాళమేసి పోయేది మీరు! పొద్దున్నే వచ్చి గది చల్లబరిచి, ఏమీ ఎరగనట్టు 'మళ్లీ పడిందా లస్సాద్?' అని అడిగేదీ మీరే! పైగా సంతకం పెడతారు! మీరు ఆపిన స్విచ్‌కి నేను ఇంటికెళ్లాలా?"

హాల్లో టైపు చప్పుడు ఆగిపోయింది. ఎవరికీ అవసరంలేని ఫైలొకటి పట్టుకుని నజీబా గుమ్మంలో ప్రత్యక్షమైంది.

హాజ్‌గారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు.

"అది రెండు దాటాక పనిచేస్తుందా?"

"చేస్తుంది! దాని అసలు పని అప్పుడే!"

"వేసవిలో కూడానా?"

"వేసవిలో కూడా!"

"యాభై ఏళ్లుగా ఈ కంపెనీ నడుపుతున్నా," అన్నారాయన, నజీబా వైపు చూస్తూ. "రెండు దాటాక పనిచేసేవాడు నా దగ్గర ఒకడున్నాడని ఇవాళే వింటున్నా."

"నవ్వులాట కాదు హాజ్‌గారూ!"

"నేను నవ్వట్లేదు. ఒక్కటడుగుతా, అల్లా మీద ఆన, నిజం చెప్పు. మీ ఇంట్లో, ఖాళీ గదిలో, పురుగు కూడా లేనప్పుడు, ఏసీ వేసి ఉంచుతావా?"

లస్సాద్ నోరు తెరిచాడు. అతని వెనక రేడియోల తండ్రి, ఆయన తండ్రి, ఆలివ్ గింజ పిప్పిని కూడా పారేయకుండా పొయ్యిలో వేసుకున్న ముత్తాతలు వరసగా నిలబడి, ఏమంటాడోనని చూస్తున్నారు.

"అది వేరు," అన్నాడు చివరికి.

"తమ్ముడు ఇంట్లో ఫ్యాను కూడా తిరగనివ్వడండీ," అంది నజీబా. "రౌదా నాతో మొత్తుకుంది."

"అక్కా, నువ్వుండు! వేరంటే వేరే! మా గదిలో గోడలే ఉన్నాయి. మీ గదిలో మీ కంపెనీ ఉంది. ఆపితే పడుతుంది, ఆపకపోతే పడదు. నేను చెప్పాల్సింది చెప్పాను. రేపు సంతకం పెట్టుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం. కానీ లస్సాద్‌కి పని రాదని మాత్రం ఈ భవనంలో ఎవరూ అనకూడదు!"

చేతిరుమాలుతో ముక్కు తుడుచుకున్నాడు. జలుబు వల్ల అనుకోవచ్చు.

హాజ్‌గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు.

"ఖాళీ గదికి చల్లదనం ఇవ్వలేను నాయనా. అది నా చేత కాదు. ఇంటికెళ్లి పడుకున్నా నిద్రపట్టదు. నేను పోయాక నా కొడుకు ఇచ్చుకుంటాడు. ఇంకేదన్నా దారుందా?"

"పదకొండింటికి నకలు పెడతా. అప్పుడు ఎలాగూ మనుషుల కోసం చల్లగానే ఉంటుంది. రెండు దాటాక పని లేకపోతే అది పడేంత వేడెక్కదు."

"పదకొండింటికా!" నజీబా చేతిలో ఫైలు జారింది. "నా తెర నత్తలా పాకుతుంది! ఆ సేపు నేనేం చెయ్యను?"

"కాఫీ తాగు," అన్నారు హాజ్‌గారు. "ఇప్పుడు తాగట్లేదా ఏంటి? ఇవాళ్టి నుంచి దానికీ ఒంటిపూటే."

శనివారం గైత్ ఉదయం రైల్లో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి తోలుసంచీ. హాజ్‌గారు కుర్చీ చూపించి, బాదంపప్పులు వేసిన టీ తెప్పించి, ఒక్కటే ప్రశ్న వేశారు.

"మా లెక్కలు దాచే ఆ గదిలో మనుషులుంటారా బాబూ?"

"అక్కర్లేదు హాజ్. అంతా దానంతటదే."

"మరి అక్కడ ఏసీ?"

"రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది," అన్నాడు గైత్ గర్వంగా. "ఒక్క నిమిషం కూడా ఆపం."

మంచి నూనె రోడ్డుమీద పారబోసేవాణ్ని చూసినట్టు చూశారాయన. "ఆ ఖర్చు నెలనెలా నేనన్నమాట," అన్నారు. టీ పూర్తయ్యేదాకా వాళ్ల నాన్నగారి ఆరోగ్యం అడిగి, గేటు దాకా సాగనంపి వచ్చారు. కాగితాలు సంచీలోనే తిరిగి వెళ్లాయి.

లస్సాద్ ఉద్యోగం నిలబడింది. అయినా అతని కోపం తగ్గలేదు. హాజ్‌గారు ఇవాళో రేపో వచ్చి క్షమించమంటారని, అప్పుడు తాను అంత సులువుగా క్షమించకూడదని నిశ్చయించుకున్నాడు. ఆదివారం సముద్రపు ఒడ్డున రౌదా, మలాక్ నీళ్లలో ఉంటే, తాను గొడుగు కింద కూర్చుని ఆ సందర్భానికి తగిన వాక్యాలు తయారుచేసుకున్నాడు. వాటిలో ఒకటి చాలా బాగా కుదిరింది.

సోమవారం పొద్దున హాజ్‌గారు అతని గది ముందునుంచి వెళ్తూ అస్సలాము అలైకుం అన్నారు, ఎప్పటిలాగే. నకలు పదకొండింటికి మొదలై, భోజనాల వేళకి ముగిసింది. అది ముగిసిన సంగతి ఎవరూ గమనించలేదు.